తంపరలో నలభై రెండో జాతి

కొంకివాని తంపరను కాపాడాలంటే ముందు అందులో ఏమీ లేదని రుజువు చెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ రుజువు చేసే పని నాకు అప్పగించింది. గణాంక శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. ఉన్నదాన్ని లేదని రాయడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడు.

తంపర అంటే ఏడాదిలో ఎనిమిది నెలలు మోకాలి లోతు నీళ్ళు నిలిచే చిత్తడి నేల. మాది రెండు వందల ఎకరాలు. నిండా తుంగ. ఆ తుంగ కోసి చాపలల్లి బతికే కుటుంబాలు గట్టు మీద ఇరవై ఆరు. వాళ్ళెవరినీ సమావేశానికి పిలవలేదు.

సమావేశం మండల కార్యాలయంలో జరిగింది. రాజధాని నుంచి ప్రత్యేకాధికారి డాక్టర్ అనిరుద్ధ వర్మ గారు వచ్చారు. కొత్త పథకం పేరు 'ప్రకృతి పునరుద్ధరణ క్రెడిట్'. ఎక్కడైనా జీవజాతులు పెరిగితే, ఆ పెరుగుదలకు ప్రభుత్వం పత్రాలిస్తుంది. ఎక్కడో ప్రకృతిని పాడుచేసిన కంపెనీలు ఆ పత్రాలు కొనుక్కుని మనశ్శాంతిగా ఉంటాయి. ఆ సొమ్ముతో తంపరలను బాగుచేస్తారు.

"ఒక పిట్ట ఉండటం వేరు, ఒక పిట్ట పెరగడం వేరు," అన్నారు వర్మ గారు. "మార్కెట్ కొనేది వృద్ధిని. ఉనికిని కాదు."

తహసీల్దారు లేచాడు. "సార్, ఇప్పటికే అన్నీ ఉన్న తంపరైతే?"

"దానికి ఎదిగే అవకాశం లేదు. అంటే విలువ సున్నా. సున్నా విలువ గల భూమిని ఊరికే ఉంచడం ప్రజల పట్ల ద్రోహం. ప్రత్యామ్నాయ వినియోగానికి ఇచ్చేస్తాం."

ప్రత్యామ్నాయ వినియోగమంటే రొయ్యల చెరువులు. అందుకు అర్జీలు పెట్టుకున్నవాళ్ళు వెనక వరుసలోనే కూర్చుని జీడిపప్పు తింటున్నారు.

తహసీల్దారు ఇంకా కూర్చోలేదు. "పోనీ సార్, ముందు జేసీబీలు పెట్టి తంపరని నాలుగు నెలలు ఎండగట్టేసి, తర్వాత నీళ్ళు వదిలితే? సున్నా నుంచి మొదలవుతుంది కదా."

వర్మ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "క్షేత్రస్థాయిలో ఇంత లోతైన అవగాహన ఉంటుందని నేను ఊహించలేదు," అన్నారు.

జేసీబీల టెండరు గురించి చర్చ మొదలైంది. అప్పుడు నేను చెయ్యెత్తాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క సాహసం అదని ఇప్పటికీ మా ఆవిడతో చెప్పుకుంటాను. ఆవిడ నమ్మదు.

"సార్, జేసీబీ ఎందుకు? పెన్ను చాలు."

మా శాఖలో ఒక పద్ధతుంది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరూ పాటిస్తారు. మొదటి లెక్క తక్కువ రాయాలి. అప్పుడే రెండో లెక్కలో ప్రగతి కనిపిస్తుంది. నా సర్వీసులో ఏ పంటా మొదటి ఏడాది బాగా పండలేదు, ఏ పంటా రెండో ఏడాది ఎండలేదు. తంపరకూ అదే వైద్యం చేద్దామన్నాను. వర్మ గారు ఒప్పుకున్నారు. జేసీబీలు ఆగాయి. ఆ పూట కాలరు పైకెత్తుకుని ఇంటికెళ్ళాను.

*

ఆషాఢంలో టేపు, పలక, గొడుగు పట్టుకుని తంపరకు వెళ్ళాను. మామూలుగా నా సర్వేలు రోడ్డు పక్క టీ కొట్టు బెంచీ మీదే జరుగుతాయి. అక్కడి నుంచి కనిపించినంత మేర పొలం, కనిపించనిది అంచనా. తంపర పక్కన టీ కొట్టు లేకపోవడం వల్ల దిగాల్సి వచ్చింది.

నీళ్ళలో పది అడుగులు వేశానో లేదో టేపు ఒక తుంగ దుబ్బుకు తట్టుకుంది. ఆ దుబ్బు కొసలు ఎవరో దగ్గరకు లాగి ముడేశారు. పిల్లల ఆటనుకుని విప్పేశాను. ఇంకో నాలుగడుగుల్లో మరో ముడి. అదీ విప్పాను.

"ఓలమ్మ! ఎవుడ్రా అది? నీ సేతులు పడిపోను!"

చేతిలో కొడవలితో, మోకాళ్ళ పైకి కట్టిన చీరతో, యాభై అయిదేళ్ళ మనిషి నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. దాలమ్మ. గట్టు మీద ఇరవై ఆరు కుటుంబాలకూ పెద్దదిక్కు. నా గొడుగు చూసి అధికారినని గుర్తుపట్టి తిట్టు ఆపింది. కొడవలి మాత్రం దించలేదు.

"ఏటి బాబూ, ముడి ఇప్పేసినావు? లోపల పిట్ట గుడ్లెట్టింది. ముడుంటే ఆ దుబ్బు ఎవులూ ముట్టరు. కోత కొచ్చినోళ్ళు సుట్టూ కోసుకుని దాన్ని ఒగ్గేత్తారు. మా తాతల కాడి నుంచీ అదే."

వంగి చూశాను. నిజమే. తుంగ మధ్యలో గోధుమరంగు మచ్చల గుడ్లు అయిదు. నేను మళ్ళీ ముడి వెయ్యబోయాను. వేళ్ళకు చుట్టుకుంది కానీ తుంగకు చుట్టుకోలేదు. ఆవిడ నన్ను పక్కకు నెట్టి, ఒక్క చేత్తో ముడేసింది.

ఆ పూట దాలమ్మ గట్టు మీద కూర్చుని తంపరలో ఏమేం ఉన్నాయో చెప్పింది. నీటికోడి, బుడబుంగ, లకుముకి, నీటికాకి, గూడబాతు, నీరుపిల్లి, తాబేలు, కొర్రమీను, మట్టగిడస, నీరుకట్టు పాము. ఏది ఎప్పుడొస్తుందో, ఏది ఎక్కడ పిల్లల్ని పెడుతుందో కూడా చెప్పింది. అన్నీ నా చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. నలభై ఒకటి తేలాయి. తర్వాత ప్రభుత్వ ఫారం తీసి మూడు రాశాను: కాకి, కప్ప, గేదె.

"ఇదేటి బాబూ? నలబై సెప్తే మూడు రాసినావు?"

"మిగతావి తర్వాత వస్తాయమ్మా."

"అయ్యెక్కడికెల్లినాయి రాడానికి?"

ఈ ప్రశ్నకు గణాంక శాస్త్రంలో జవాబు లేదు. రొయ్యల చెరువుల సంగతి విప్పి చెప్పాను. ఆవిడ కొడవలి కింద పెట్టి, "అయితే మా తంపర నిలబడతాదా?" అంది. నిలబడుతుందన్నాను. "అయితే గేదెని కూడా కొట్టెయ్యి బాబూ. అది మా మరిదిది," అంది.

*

ఆశ్వయుజంలో నోటుబుక్కు చూసి పద్నాలుగు రాశాను. మూడు నుంచి పద్నాలుగు. మూడు నెలల్లో మూడు వందల అరవై ఆరు శాతం వృద్ధి. తంపరలో ఒక్క ఆకు కూడా అదనంగా మొలవలేదు.

రాజధానిలో పండగ చేశారట. ఒక సిమెంటు కంపెనీ పత్రాలన్నీ కొనేసింది. ముప్ఫై ఏళ్ళకు ధ్రువపత్రం తీసుకుని ఫ్రేము కట్టించుకుంది. వర్మ గారు ఫోన్ చేశారు.

"అద్భుతం, సనపల వారూ! ఏ జోక్యం వల్ల ఈ వృద్ధి సాధ్యమైందో ఆన్‌లైన్ ఫారంలో నింపండి."

చేసింది ఏమీ లేదు. ఏమీ చెయ్యలేదనే గడి ఫారంలో లేదు. ఉన్నవి నాలుగు: చెరువు తవ్వకం, మొక్కలు నాటడం, మందు పిచికారీ, మానవ ప్రవేశ నియంత్రణ. మొదటి మూడింటికీ బిల్లులు జతపరచాలి. నాలుగోదానికి అక్కర్లేదు. నేను సుఖాన్ని కోరుకునేవాణ్ణి. నాలుగోది నొక్కాను.

ఇరవై రోజుల్లో తంపర చుట్టూ ఇనుప ముళ్ళకంచె లేచింది. నాలుగు వేల వంద మీటర్లు. బోర్డు పెట్టారు: 'మానవ ప్రవేశ నియంత్రణ ద్వారా అపూర్వ విజయం సాధించిన ప్రాంతం. లోనికి రాకూడదు.' కాపలాకు ఒక జీపు, ఇద్దరు గార్డులు.

కార్తీకం వచ్చింది. తుంగ కోత కాలం. దాలమ్మ కొడవలితో సహా నా ఆఫీసుకు వచ్చింది. అటెండరు ఆపలేదు. నేనైనా ఆపేవాణ్ణి కాదు.

"మా తుంగ మమ్మల్ని కొయ్యద్దంతన్నారేటి? ఎవులు సెప్పినారు?"

నేను చెప్పానని చెప్పే ధైర్యం లేక "పైనుంచి ఉత్తర్వులమ్మా" అన్నాను.

"పైనెవులు? మబ్బులా?"

"నేను రాస్తానుండమ్మా. సరిచేస్తాను."

"నువ్వు రాయబట్టే ఇదంతా వొచ్చింది. ఇంక రాయకు బాబూ, నీకు దండం పెడతాను," అంది దాలమ్మ.

అయినా రాశాను. విషయం: జోక్యం నమోదులో పొరపాటు. సూచిక: నా బుద్ధిహీనత (ఇది చిత్తులో రాసి కొట్టేశాను). కంచె తీసేయమని కోరాను. వర్మ గారి జవాబు మూడు వాక్యాలు. 'విజయానికి మూలకారణమైన జోక్యాన్ని తొలగించాలన్న మీ ప్రతిపాదన శాస్త్రీయ దృక్పథానికి విరుద్ధమైనది. వృద్ధి కొనసాగుతున్నంతకాలం నియంత్రణ కొనసాగవలెను. వృద్ధి ఆగినచో భూమి ప్రత్యామ్నాయ వినియోగమునకు ఇవ్వబడును.'

అంటే వృద్ధి చూపిస్తే దాలమ్మ లోపలికి రాకూడదు. చూపించకపోతే తంపరే ఉండదు. నేను మహా తెలివిగా వేసిన ముడి దాలమ్మ మెడకే పడింది.

పుష్యంలో ఇరవై ఏడు రాశాను, చైత్రంలో నలభై ఒకటి. నోటుబుక్కు అయిపోయింది. కాగితం మీద తంపర కళకళలాడింది. నీళ్ళలో మాత్రం కొయ్యని తుంగ వాలిపోయి, కుళ్ళి, నీటి మీద చాపలా పరుచుకుంది. మునగడానికి నీళ్ళు లేక బుడబుంగ వెళ్ళిపోయింది. కొర్రమీనులు తేలి చచ్చాయి. ఏటా తుంగ కొయ్యడం వల్లే తంపరకు ఊపిరి ఆడేదని నాకప్పుడు తెలిసింది. దాలమ్మకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నన్నెవరూ ఆవిణ్ణి అడగమనలేదు, ఫారంలో ఆ గడి లేదు. గట్టు మీద తొమ్మిది ఇళ్ళకు తాళాలు పడ్డాయి. వాళ్ళు ఇటుక బట్టీలకు వెళ్ళిపోయారు.

"ఈ కార్తీకం కూడా కోత నేకపోతే మేమూ ఎల్లిపోతాం," అంది దాలమ్మ కంచె అవతల నుంచి. ఈసారి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

*

తర్వాతి ఆషాఢం నివేదికకు నాకు రెండు కావాలి. నలభై ఒకటి కంటే పెద్ద అంకె ఒకటి, దాలమ్మను లోపలికి పంపే దారి ఒకటి. పథకం నిబంధనలు మొదటిసారి మొత్తం చదివాను. అప్పటిదాకా చదివినవాడు లేడనుకుంటాను, పేజీలు అతుక్కునే ఉన్నాయి. పద్నాలుగో నిబంధన దగ్గర ఆగాను: 'జాబితాలో నమోదైన ఏ జాతినీ దాని ఆవాసంలోకి ప్రవేశించకుండా ఎవరూ అడ్డగించరాదు.'

ఫారం తీశాను. నలభై రెండు: 'తుంగ కోయు మనిషి. ఆవాసం: తంపర గట్టు. ఆహారం: గంజి, ఎండుచేప. సంఖ్య: ఇరవై ఆరు కుటుంబములు, ప్రస్తుతం పదిహేడు. క్షీణించుచున్న జాతి.'

పంపించి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు ఆమోదం వచ్చింది. రాజధానిలో పేర్లు ఎవరూ చదవరు, మొత్తమే చదువుతారు. పైగా క్షీణించే జాతి తిరిగి కనిపించినందుకు అదనంగా పది పాయింట్లు ఇచ్చారు.

గార్డులు గేటు తెరిచారు. దాలమ్మ లోపలికి వెళ్ళింది. నేను కాలరు మళ్ళీ పైకెత్తాను. ఆ పని ఎప్పుడూ తొందరపడే చేస్తాను.

భాద్రపదంలో ఉత్తర్వులొచ్చాయి. నలభై రెండో జాతి ప్రాణులన్నిటికీ గుర్తింపు కడియాలు తొడగాలి. అల్యూమినియం కడియాలు, అంకెలతో, ఎడమ కాలికి. ఆవాసం దాటి వెళ్ళాలంటే రవాణా అనుమతి పత్రం ఉండాలి. గురువారం సంతకు చాపలు మోసుకెళ్తున్న దాలమ్మను గార్డు ఆపి, 'వలస పోతున్నావా, మేతకు పోతున్నావా' అని అడిగాడు. ఫారంలో ఆ రెండే ఉన్నాయి.

"సంతకి పోతన్నాను రా!"

మేత అని రాసుకుని వదిలాడు.

కార్తీకంలో కోత మొదలైన రోజు వర్మ గారే తనిఖీకి వచ్చారు. ఆయన వెనక నలుగురు, అందరి మెడల్లో బైనాక్యులర్లు. గట్టు మీద కుర్చీలు వేయించుకుని, ఇరవై గజాల దూరంలో తుంగ కోస్తున్న దాలమ్మను బైనాక్యులర్లలోంచి చూశారు.

"దగ్గరకెళ్ళి మాట్లాడొచ్చు కదా సార్," అన్నాను.

"శ్, బెదురుతుంది," అన్నారు వర్మ గారు.

దాలమ్మ ఒక దుబ్బు దగ్గర ఆగింది. వంగి చూసి, కొసలు లాగి ముడేసి, దాని చుట్టూ కోసుకుంటూ ముందుకు పోయింది. బృందంలో కలకలం రేగింది. "గూడు కడుతోంది! రాసుకోండి!" అన్నారు వర్మ గారు. నలుగురూ రాసుకున్నారు.

మధ్యాహ్నం వాళ్ళు గెస్ట్ హౌసులో భోజనానికి వెళ్ళారు. దాలమ్మ గట్టెక్కి నా పక్కన కూర్చుని కాలి కడియం కింద గోక్కుంది. ఒరుసుకుని పుండు పడింది.

"మమ్మల్ని పిట్టల్ని సేసినావు బాబూ. తంపరలోకి పోనిచ్చినావు, ఆ మాట కాదన్ను. కానీ ఒకటి సెప్పు. మేం పిట్టలమైతే మీరేటి? ఆ జీపేటి? ఈ కంచేటి? అయ్యి మా తాతల్నాడు నేవే. నీ పుస్తకంలో వాటికేటి పేరు?"

జవాబు నిబంధనల పుస్తకం దగ్గర ఉంది. సంచీలోంచి తీసి, అతుక్కున్న మరో రెండు పేజీలు విడదీశాను. ఇరవై మూడో నిబంధన: 'బయటి నుంచి ప్రవేశించి స్థానిక జాతుల మనుగడకు ఆటంకం కలిగించువాటిని చొరబాటు జాతులుగా గుర్తించి తొలగించవలెను. ప్రతి తొలగింపునకు ఇరవై పాయింట్లు.'

ఇరవై! కొత్త పిట్టకు అయిదే.

అక్కడే, గట్టు మీదే, ఫారం నింపాను. దాలమ్మ పక్కన కూర్చుని చూసింది. చొరబాటు జాతులు: ఒకటి, ఇనుప ముళ్ళకంచె. తీగజాతి. స్థానిక జాతుల కాళ్ళు చీరును. రెండు, నాలుగు చక్రాలది, పొగ వదులును. మూడు, ఖాకీ రంగువి, జంట.

"నాలుగోది?" అంది దాలమ్మ.

"అయిపోయాయిగా."

ఆవిడ నా వైపు చూసింది. కొడవలి ఒళ్ళోనే ఉంది. నేను పెన్ను మూత మళ్ళీ తీశాను.

నాలుగు: 'గణాంక అధికారి. ఒంటరి. గొడుగు ఉండును. గూళ్ళ ముడులు విప్పును. చూచుటకు అమాయకం. మిగతా మూడు జాతులూ దీని వెంటే ప్రవేశించినవి.'

"ఇప్పుడు బాగా రాసినావు," అంది దాలమ్మ. నా సర్వీసులో నా రాతకు దక్కిన మెప్పు అదే.

*

ఎనభై పాయింట్లు! రాష్ట్రంలో ఏ తంపరకూ అన్ని రాలేదు. వర్మ గారికి పదోన్నతి వచ్చింది, ఇప్పుడు సముద్రాన్ని చూసుకుంటున్నారు. కంచె పీకేశారు, జీపు వెళ్ళిపోయింది, గార్డులు వెళ్ళిపోయారు. నాకు బదిలీ ఉత్తర్వు అందింది. దాని మీద కారణం స్పష్టంగా ఉంది: 'చొరబాటు జాతి, నాలుగవది, విజయవంతంగా తొలగించబడినది.' దాన్ని మా ఆవిడ పప్పు డబ్బా కింద దాచింది, బంధువులొచ్చినప్పుడు తీసి చూపిస్తుంది.

కడియాలు చూసేవాళ్ళెవరూ మిగల్లేదు. దాలమ్మ తనది తీసి కొడవలి పిడికి బిగించుకుంది, పట్టు బాగుందట. బట్టీల నుంచి ఏడు కుటుంబాలు తిరిగొచ్చాయి. రెండు ఇళ్ళకు ఇంకా తాళాలే ఉన్నాయి. వాటి లెక్క మాత్రం నేను తక్కువ రాయలేను.

ఒక్క భయం మిగిలింది. తంపర ఫైలు. నా కుర్చీలోకి వచ్చేవాళ్ళు దాన్ని తెరిస్తే వృద్ధి ఏదని అడుగుతారు. వృద్ధి లేకపోతే రొయ్యలు. చార్జి అప్పగించే ముందు రోజు ఫైలు సంచీలో పెట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. దాలమ్మకు విషయం చెప్పాను. ఆవిడ నాలుగు పచ్చి తుంగ పోచలు కోసి నా చేతిలో పెట్టింది. ఫైలును బీరువా అడుగు అరలో వెనక్కి నెట్టి మర్నాడు వచ్చేశాను.

ఇప్పుడు జిల్లా రికార్డు గదిలో ఉన్నాను. చెదలు ఎన్ని ఫైళ్ళు తిన్నాయో లెక్క రాస్తున్నాను. మొదటి నెల తక్కువే రాశాను.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో, నా స్థానంలో చేరిన ఉషశ్రీ ఫోన్ చేసింది.

"సార్, తంపర ఫైలు దొరికిందండి. దానికి కట్టే టేపు లేదు. ఎండిపోయిన గడ్డేదో ముడేసి ఉంది. విప్పమంటారా?"

"వద్దమ్మా. లోపల గుడ్లున్నాయి. ముడున్నంతకాలం ముట్టకూడదు."

ఉషశ్రీ జంకుతూ అడిగింది. "అది ఏ నిబంధన కింద వస్తుంది సార్?"

"పాతది. పథకాలకంటే ముందుది. ముడి వేసినవాళ్ళే విప్పాలి. ఆ ముక్క ఒక కాగితం మీద రాసి, ఫైలు మీద అతికించి, సంతకం పెట్టు."

"అలాగే సార్," అంది ఉషశ్రీ. ఎందుకని అడగలేదు. మంచి ఉద్యోగి. పైకొస్తుంది.

తర్వాత ఆ కుర్చీలోకి మరో ఇద్దరు వచ్చి వెళ్ళారు. ఇద్దరూ ఉషశ్రీ సంతకం కింద తమ సంతకాలు పెట్టారని విన్నాను. ఫైలు మాత్రం ఎవరూ విప్పలేదు. నా మొత్తం సర్వీసులో నేను గట్టిగా వేసిన ముడి అదొక్కటే. అదీ గట్టు మీద కూర్చోబెట్టి దాలమ్మ మూడుసార్లు విప్పించి, మళ్ళీ కట్టించింది.